జాకీ మీద బండి



మదనపల్లె టమాటా మార్కెట్టు పేరు వినని వాళ్లు ఉండరు. చుట్టుపక్కల పల్లెల నుంచి పికప్ బండ్లు అక్కడికి పోతుంటాయి. వెనుక టమాటా క్రేట్లు ఉంటాయి. క్రేట్ల పక్కన కాయలు కోసిన ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. సరుకుల బండి వెనుక మనుషుల్ని ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. కానీ ఆ వేళకి వేరే బండి దొరకదు. అది ఇంకో పెద్ద మాట. దానికి ఒక రోజు చాలదు. ఈ రోజు మాట వేరు. దారిలో ఆ బండి టైరు పంచరైతే ఏం చేయాలి?

డ్రైవరు బండి ఆపుతాడు. సీటు వెనుక నుంచి జాకీ తీస్తాడు. "ఐదు నిమిషాల పనే, పెద్దమ్మా, దిగొద్దులే" అంటాడు. మార్కెట్టులో వేలం మొదలవుతుందని అతని తొందర. కూలి పోతుందని ఆడవాళ్ల తొందర. అందుకని ఎవరూ దిగరు. బండి అలాగే లేస్తుంది.

ఇక్కడే ప్రమాదం ఉంది. జాకీ బండిని ఎత్తడానికి పనికొస్తుంది. ఎత్తిన బండిని నమ్మకంగా పట్టుకుని ఉండడానికి పనికిరాదు. ఎందుకో తెలియాలంటే జాకీ ఎలా పని చేస్తుందో చూడాలి.

పికప్ బండ్లలో ఎక్కువగా సీసా లాంటి జాకీ ఉంటుంది. దాని లోపల నూనె ఉంటుంది. పక్కనున్న చిన్న మర బిగించి, కడ్డీ పెట్టి కిందికీ పైకీ కొట్టాలి. బోరింగు కొట్టినట్టే. నూనె తోసుకుని లోపలి రాడ్డు పైకి లేస్తుంది. దాని మీదనే బండి లేస్తుంది. లోపలి వాషరు అరిగినా, మర సరిగా బిగియకపోయినా నూనె జారిపోతుంది. రాడ్డు కిందికి దిగుతుంది. బండి కూడా దిగుతుంది. పైగా జాకీ అడుగు అరచేతి వెడల్పే. బండి కాస్త ముందుకు కదిలినా జాకీ ఒరిగి పడిపోతుంది. పైన పదిమంది ఆడవాళ్లు సర్దుకుని కూర్చుంటే ఆ కదలిక చాలు.

కాబట్టి మొదటి పని అందరూ దిగడం. నిద్రపోతున్న బిడ్డనైనా ఎత్తుకుని దిగాలి. దిగి రోడ్డు మీద నిలబడకూడదు. చేను వైపు, బండికి దూరంగా నిలబడాలి. ఎండగా ఉంటే బండి నీడలో కూర్చోవాలనిపిస్తుంది. పిల్లలైతే ఏకంగా బండి కిందికే దూరుతారు. వాళ్ల చేయి వదలకూడదు.

బండి ఆపిన చోటు కూడా చూడాలి. వాలులో ఆపితే బండి దొర్లుతుంది. మలుపులో ఆపితే వెనుక వచ్చే లారీకి కనబడదు. గాలి లేని టైరు మీద నెమ్మదిగా ఇంకాస్త దూరం నడిపితే టైరు పాడవుతుంది, నిజమే. టైరు పోతే పోయింది. సమంగా ఉన్న చోటు దాకా పోవడమే మంచిది. మిణుకు లైట్లు వేయాలి. బండిలో ఎర్ర ముక్కోణం ఉంటే యాభై అంగల వెనుక పెట్టాలి.

తర్వాత చేతి బ్రేకు వేయాలి. చాలామంది డ్రైవర్లు "గేరులో పెట్టినా కదా, ఎక్కడికి పోతుంది?" అంటారు. ఈ మాట వెనుక చక్రాల విషయంలో తప్పు. ఈ బండ్లలో ఇంజను బలం వెనుక చక్రాలకు పోతుంది. రెండు చక్రాలూ నేల మీద ఉంటేనే గేరు బండిని పట్టి ఉంచుతుంది. ఒక చక్రం గాలిలోకి లేస్తే అది ఊరికే తిరుగుతుంది. అప్పుడు నేల మీదున్న రెండో చక్రం కూడా దొర్లగలదు. గేరు ఉన్నా బండి కదులుతుంది. చేతి బ్రేకు వేసినా అది అరిగి ఉందో ఏమో ఎవరికి తెలుసు?

అందుకే రాళ్లు పెట్టాలి. ఇది దిగిన ఆడవాళ్లు చేయగల పని. వెనుక టైరు మారుస్తుంటే ముందు చక్రాలకు, ముందు టైరు మారుస్తుంటే వెనుక చక్రాలకు పెట్టాలి. ఒక్కో చక్రానికి ముందొక రాయి, వెనుకొక రాయి. పిడికెడు రాయి చాలదు. చక్రం ఎక్కి దాటలేనంత పెద్దది కావాలి. ఎద్దుల బండికి రాయి అడ్డం పెట్టినట్టు చక్రానికి ఆనించి గట్టిగా పెట్టాలి.

పికప్‌లో స్టెప్నీ వెనుక తొట్టి కింద వేలాడుతుంటుంది. దాన్ని తీయాలంటే కింద చేయి పెట్టాలి. ఒక్కోసారి సగం ఒళ్లు లోపలికి పోతుంది. కనుక జాకీ వేయక ముందే స్టెప్నీ బయటికి తీయాలి. బండి లేచాక గుర్తొచ్చి కిందికి దూరేవాళ్లు ఉన్నారు. అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. తీశాక స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా చూడాలి. అదీ దిగిపోయి ఉంటే ఇంత కష్టమూ వృథా.

చక్రం నట్లు కూడా బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చేయాలి. పూర్తిగా విప్పకూడదు. నట్లు తుప్పు పట్టి ఉంటాయి. పానా మీద బలమంతా పెట్టి లాగాలి. బండి జాకీ మీద ఉండగా అలా లాగితే బండి ఊగుతుంది. జాకీ జారుతుంది.

ఇప్పుడు జాకీ దగ్గరికి వద్దాం. జాకీ ఒంటి మీద ఒక అంకె ఉంటుంది. 2 అనో, 3 అనో, 5 అనో. పక్కన ఇంగ్లీషు 'టి' అక్షరం. అది టన్ను. ఒక టన్ను అంటే 1000 కిలోలు. ఆ అంకె చదవడం ఇప్పుడు మీకు కష్టం కాదు. లెక్క కూడా వేయండి. ఖాళీ పికప్పే టన్నున్నర అనుకుందాం. ఒక క్రేటు 25 కిలోలు అనుకుంటే 50 క్రేట్లు 1250 కిలోలు. రెండూ కలిపితే మూడు టన్నులకు దగ్గర. జాకీ ఎత్తేది ఒక మూలే, నిజమే. కానీ సరుకు బరువు ఎక్కువగా వెనుక మూలల మీదే పడుతుంది. కారు నుంచి అడిగి తెచ్చిన చిన్న జాకీ దీనికి ఆగదు. సరుకు దించి ఎత్తడమే క్షేమం. యాభై క్రేట్లు దించి మళ్లీ ఎక్కించాలంటే ఒళ్లు హూనమవుతుంది. అయినా చేతులు చాలామందివి ఉన్నాయి.

జాకీ కింద నేల గట్టిగా ఉండాలి. వాన పడిన మట్టిలో జాకీ దిగబడిపోతుంది. మందపాటి చెక్క వేసి దాని మీద జాకీ పెట్టాలి. ఇటుక పెట్టకూడదు. బరువు పడితే ఇటుక ఠప్పున పగులుతుంది. రాయీ అంతే. చక్రానికి అడ్డం పెట్టడానికి రాయి మంచిదే. బండిని మోయడానికి పనికిరాదు.

వెనుక చక్రానికైతే జాకీ ఇరుసు కింద పెట్టాలి. చక్రానికి దగ్గరగా, కట్టల పక్కన. ఇరుసు నడిమిన గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. అక్కడ పెట్టకూడదు. ముందు చక్రానికి ఎక్కడ పెట్టాలో బండి పుస్తకంలో బొమ్మ ఉంటుంది. జాకీ నిలువుగా ఉండాలి. బండి లేస్తున్నప్పుడు జాకీ ఒరిగితే వెంటనే ఆపాలి. దించి మళ్లీ పెట్టాలి. టైరు నేల విడిచి రెండు వేళ్లు లేస్తే చాలు. గాలి నిండిన టైరు ఎక్కించడానికి ఇంకొంచెం లేపాలి. అంతకు మించి వద్దు.

బండి లేచాక స్టెప్నీని చట్రం కింద, జాకీ పక్కన పడుకోబెట్టాలి. ఒకవేళ జాకీ జారితే బండి టైరు మీద పడుతుంది, మనిషి మీద పడదు. పాత టైరు విప్పాక దాన్ని అక్కడ పెట్టి, స్టెప్నీని బయటికి లాగాలి. లాగేటప్పుడు చేతులు టైరు పక్కలనే పట్టాలి, కింద పెట్టకూడదు. కాళ్లు కూడా బండి కిందికి చాపకూడదు. కొంగు, చున్నీ బిగించి దోపుకోవాలి.

కొత్త చక్రం ఎక్కించాక నట్లు ముందు చేత్తోనే తిప్పాలి. నట్టుకు వాలుగా ఉన్న వైపు చక్రం మీదికి రావాలి. వరసగా ఒకదాని పక్కన ఒకటి బిగించకూడదు. అలా చేస్తే చక్రం ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. ఐదు నట్లు ఉంటే ఒకటి వదిలి ఒకటి బిగించాలి. ముగ్గులో ఐదు మూలల చుక్క గీసినట్టు పానా తిరగాలి. తర్వాత కింద పెట్టిన టైరు తీసేసి, మర మెల్లగా వదిలి బండి దించాలి. నేల మీదికి వచ్చాక నట్లను అదే వరసలో గట్టిగా బిగించాలి. యాభై కిలోమీటర్లు నడిచాక ఇంకోసారి బిగించి చూడాలి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎవరైనా బండి కింద ఇరుక్కుంటే చేయి పట్టి లాగకూడదు. ముందు ఇంకో జాకీతో బండి లేపాలి. పడిన జాకీ బాగుంటే దాన్నే మళ్లీ పెట్టాలి. అంతలోనే ఒకరు 108కి ఫోను చేయాలి. ఊరి పేరు, రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీది అంకె చదివి చెబితే అంబులెన్సు వెతుక్కోకుండా వస్తుంది.

బయలుదేరే ముందు ఒక పని మిగులుతుంది. చక్రాల కింద పెట్టిన రాళ్లు చాలామంది అక్కడే వదిలేసి పోతారు. రాత్రి ఆ దారిన మోటారు సైకిలు మీద వచ్చేవాడికి అవి కనబడవు. బండి ఎక్కే ముందు ఆ రాళ్లన్నీ ఎత్తి చేను గట్టు మీద వేయండి. ముక్కోణం కూడా మరచిపోకుండా తెచ్చి బండిలో పెట్టించండి. పంచరైన టైరును మదనపల్లె దాటక ముందే అతికించమని డ్రైవరుకు గుర్తు చేయండి.