కప్పని గొయ్యి

ఈ వారము ధ్యానము కొరకు నిర్గమకాండము 21వ అధ్యాయము, 33, 34 వచనములు తీయండి. రెండవ షిఫ్టు దిగి వచ్చి అన్నము ముందు కూర్చున్నవారు బైబిలు తెరవకపోయినా ఫరవాలేదు, వినండి చాలు.

20వ అధ్యాయములో సీనాయి కొండ మీద ఉరుములు, మెరుపులు, పది ఆజ్ఞలు. పుట త్రిప్పితే ఏమున్నది? పొడిచే ఎద్దు, దొంగిలించిన గొఱ్ఱె, నిప్పంటుకున్న చేను, కప్పని గొయ్యి. మనలో చాలామంది ఈ అధ్యాయములను గబగబా దాటిపోతాము. యూదులు అలా దాటరు. మోషే ధర్మశాస్త్రమంతటిని వారానికొక భాగము చొప్పున చదువుతూ ఏడాదిలో ముగిస్తారు. 21 నుండి 24 వరకు ఉన్న భాగానికి ‘మిష్పాతీమ్’ అని పేరు, అనగా న్యాయవిధులు. సాధారణంగా అది ఫిబ్రవరి ప్రాంతములో వస్తుంది. యూదుల ఆచారము తెలుగువారికి ఎక్కడిదని అనుకోకండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో బెనే ఎఫ్రాయీము అనే తెలుగు కుటుంబాలవారు శనివారమున విశ్రాంతి దినము ఆచరిస్తూ చిన్న ప్రార్థనా మందిరము నడుపుకుంటున్నారు.

11వ శతాబ్దపు యూదా వ్యాఖ్యాత రాషీ ఇక్కడ ఒక్క అక్షరమును పట్టుకున్నాడు. హెబ్రీలో ఈ భాగము ‘మరియు’ అనే అక్షరముతో మొదలవుతుంది. అంటే పది ఆజ్ఞలు ఏ కొండ మీదనుండి వచ్చినవో, ఎద్దును గూర్చిన విధి, గొయ్యిని గూర్చిన విధి కూడా ఆ కొండ మీదనుండే వచ్చినవని ఆయన వివరణ. ఆదివారము గుడిలో చేసేది దేవునిది, సోమవారము బాయిలో చేసేది కంపెనీది అనే లెక్క అక్కడ లేదు.

బాయి అన్నాను. మన తెలంగాణలో పొలములోని నీళ్ల బావీ బాయే, బొగ్గు గనీ బాయే. హెబ్రీ భాషలో ఈ వచనమందున్న మాట ‘బోర్’. గొయ్యి, నీళ్లు నిలువచేసే తొట్టి, రెండింటికీ అదే మాట. (మన బోరుకు దానికి చుట్టరికము లేదు గాని, వినడానికి బాగుంది.) ఇక విధి ఏమిటంటే, ఒకడు గొయ్యి త్రవ్వి గాని, ఉన్న గోతి మీది మూత తీసి గాని కప్పకుండా వెళ్లిపోతే, అందులో ఇంకొకని ఎద్దో గాడిదో పడి చస్తే, ఆ మనిషి దాని వెల చెల్లించాలి. ఎద్దును చంపాలనుకున్నావా అని దేవుడు అడగడం లేదు. కప్పావా లేదా అని అడుగుతున్నాడు.

క్రీస్తుశకము 200 ప్రాంతములో కూర్చబడిన మిష్నాలో ‘బావా కమ్మా’ అనే భాగమున్నది. దానిలో యూదా పండితులు ఈ గొయ్యిని కొలిచి మరీ చర్చించారు. పది బెత్తెల లోతుంటే ప్రాణము తీయగలదన్నారు. మీకు పనికివచ్చే మాట మరొకటున్నది. ఒక గొయ్యికి ఇద్దరు భాగస్వాములు. మొదటివాడు ఆ దారిన పోతూ కప్పలేదు. తరువాత రెండవవాడు వచ్చాడు, వాడూ కప్పలేదు. ఎవరు బాధ్యులు? రెండవవాడు అని మిష్నా తీర్పు.

సర్దార్లూ, ఓవర్‌మెన్లూ, ఇది మీ కొరకు వ్రాసినట్లు లేదా? ముందు షిఫ్టువాడు చూడలేదు కదా, నేనెందుకు చూడాలి అనే మాటకు ఇక్కడ చోటు లేదు. తనిఖీ చేయని చోటికి రిపోర్టు పుస్తకములో సంతకము పెట్టడమంటే, గోతి మీద మూతకు బదులు కాగితము పరచడమే. అదే అధ్యాయములో, ఎద్దుకు పొడిచే అలవాటున్నదని ముందే చెప్పినా కట్టివేయని యజమానుని నేరము ఇంకా పెద్దది. రూఫ్ చప్పుడు చేస్తున్నదని కార్మికుడు చెప్పిన తరువాత, తెలియదు అనే మాట పనికిరాదు.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. మన సంఘాలలో పెద్దవారు ఆ దినమును మరచిపోలేదు. ఆ ప్రమాదము మీద తీర్పు చెప్పుట నా పని కాదు. అయితే పాత పనులలో నిలిచిన నీరు ఎంతటిదో మన దేశములో చట్టానికి అప్పటికే తెలుసు. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలలోనే, పాత పనులకు 60 మీటర్ల లోపు అనుమతి లేకుండా పోకూడదనీ, ముందుగా రంధ్రాలు వేసి నీటిని పరీక్షించాలనీ ఉన్నది. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్‌నాలాలో 375 మందిని పొట్టన పెట్టుకున్నదీ నీరే. ఎవరో ఏనాడో త్రవ్వి వదిలిన బాయి, ఈనాడు దిగినవాని ప్రాణము అడుగుతుంది.

తల్ముదులో ఒక కథ ఉన్నది. ఒకడు తన చేనులోని రాళ్లు ఏరి బాట మీద పోస్తున్నాడు. దారిన పోయే భక్తిపరుడొకడు చూచి, నీది కాని చోటునుండి నీ సొంత చోటుకు రాళ్లు వేసుకుంటున్నావేమిటని అడిగాడు. వాడు నవ్వాడు. తరువాత ఆ చేను అమ్ముకోవలసి వచ్చింది. ఒకనాడు ఆ బాటనే నడుస్తూ తాను పోసిన రాళ్లకే తగిలి పడ్డాడు. చేను పోయింది, బాట మిగిలింది. ఓపెన్‌కాస్టు మట్టి గుట్టల నీడలో బ్రతికే మనకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

అన్నీ కంపెనీ మీదికి నెట్టి ఊరుకోవద్దు. నీళ్లు పడని బోరును గోనెసంచితో కప్పి వచ్చిన రైతులు మన సంఘాలలో లేరా? 2017లో చేవెళ్ల మండలములో ఒక చిన్న పాప, 2020లో మెదక్ జిల్లా పాపన్నపేట మండలములో మూడేండ్ల బాబు బోరుగుంతలో పడి చనిపోయారు. వదిలేసిన బోరును అడుగునుండి పైదాకా మట్టితో, ఇసుకతో, రాళ్లతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ఒక్క ట్రాక్టరు మట్టి ఖర్చు!

యేసుప్రభువు ఈ ధర్మశాస్త్రము వింటూ పెరిగినవాడు. లూకా 14వ అధ్యాయములో, విశ్రాంతి దినమున కుమారుడో ఎద్దో బావిలో పడితే వెంటనే పైకి తీయనివాడు మీలో ఎవడని పరిసయ్యులను ఆయన అడిగాడు. వారి నోట మాట రాలేదు. సబ్బాతు అని ఆగకుండా దిగి తీసేవాడు ఆయనకు కావాలి.

ప్రార్థన చేసుకుందాము. తండ్రీ, ఈ రాత్రి షిఫ్టుకు దిగుచున్న బిడ్డలను, పర్మినెంటు వారినీ, కాంట్రాక్టు వారినీ నీ చేతికి అప్పగిస్తున్నాము. 2003లో భర్తలను పోగొట్టుకున్న తల్లులను, తండ్రి లేకుండా పెరిగిన పిల్లలను జ్ఞాపకము చేసుకొనుము. సంతకము పెట్టే చేతికి ముందు, చూచే కన్నులిమ్ము. మా పొలములో తెరచియున్న బోరును రేపు ఉదయమే పూడ్చే మనస్సు మాకు దయచేయుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.