క్షయకు రక్త పరీక్ష చాలునా?
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లం కాము, బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. మందుల సంగతి డాక్టర్లకే వదిలి, ఒక్క విషయం మీ ముందుంచుతాము. ఊపిరితిత్తుల క్షయ ఉన్నదీ లేనిదీ రక్తం చూసి తేల్చవచ్చునా?

మన ఇళ్ళలో ఈ జబ్బు పేరు పైకి అనరు. పెద్దవాళ్ళు 'దిఖ్' అని గుసగుసలాడతారు. పెళ్ళీడు ఆడపిల్ల దగ్గుతుంటే మరీ గోప్యం. కళ్ళె డబ్బా పట్టుకుని ఆసుపత్రిలో నిలబడితే నలుగురూ చూస్తారు. రక్తమైతే చాటుగా ఇచ్చి రావచ్చు. అందుకే చాలామంది రక్త పరీక్షకే మొగ్గుతారు.

ఈ పరీక్షలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది, క్షయక్రిమికి ఎదురుగా రక్తంలో పుట్టే యాంటీబాడీలను వెదికేది. ఇది రోగం ఉన్నవారికి లేదనీ, లేనివారికి ఉన్నదనీ చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో దీన్ని వాడవద్దన్నది. 2012లో మన కేంద్ర ప్రభుత్వం ఈ కిట్ల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది.

రెండవది ఇగ్రా. రక్తంలోని తెల్లకణాలకు క్షయక్రిమి ప్రోటీన్లు చూపిస్తారు. ఆ క్రిమిని ముందే ఎరిగిన కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థాన్ని వదులుతాయి. దాన్ని కొలుస్తారు. చేతికి సూది వేసి 48 నుండి 72 గంటల్లో చూసే మాంటూ పరీక్షదీ ఇంచుమించు ఇదే దారి. క్రిమి సోకిందని ఇవి చెబుతాయి గాని, జబ్బు ఇప్పుడు ఉన్నదో లేదో చెప్పలేవు. బడి దాఖలా రిజిస్టరులో పిల్లవాడి పేరుంటే, చేరాడని తెలుస్తుంది. ఈ పూట తరగతిలో అల్లరి చేస్తున్నాడో లేదో తెలియదు గదా!

ప్రపంచ జనాభాలో సుమారు నాలుగో వంతుకు ఈ క్రిమి సోకిందని అంచనా. వారిలో జీవితకాలంలో జబ్బుపడేది నూటికి 5 నుండి 10 మందే. కాబట్టి ఇగ్రా పాజిటివ్ అన్న కాగితం చూసి పిల్ల సంబంధం వదులుకోవడం అన్యాయం. నెగెటివ్ వచ్చిందని రెండు వారాల దగ్గును పట్టించుకోకపోవడం ప్రమాదం.

మరి ఇగ్రా ఎందుకు? ఇంట్లో ఒకరికి క్షయ వస్తే, తక్కినవారిలో ముందుజాగ్రత్త మందు ఎవరికి అవసరమో చూడటానికి. రక్తంలోని జన్యు గుర్తులను బట్టి జబ్బును పట్టే పరీక్షలపై పరిశోధన సాగుతున్నది. అవి ఇంకా కళ్ళె పరీక్ష స్థానానికి రాలేదు.

కళ్ళె అంటే మన ఇళ్ళల్లో బల్గం. సీబీనాట్ యంత్రం, గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రం అందులోని క్రిమిని కొద్ది గంటల్లో పట్టేస్తాయి. రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షా ఉచితం, మందులూ ఉచితం. పోషణ కోసం ఇచ్చే సాయం 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలైంది.

పొద్దున్నే నీళ్ళతో పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలినుంచి దగ్గి కళ్ళె తీయాలి. ఉమ్మి ఇస్తే ప్రయోజనం లేదు.

సొసైటీ యువకులకు మా మనవి: దగ్గుతో బాధపడేవారి వెంట మీరు ఆసుపత్రికి వెళ్ళండి. మహిళా సభ్యులు ఆడపిల్లల వెంట వెళ్ళండి. తోడుంటే సిగ్గు సగం తగ్గుతుంది. వేళకు మందు మొదలైతే పిల్లా బాగుపడుతుంది, ఇల్లూ నిలుస్తుంది.

సెలవు. ఖుదా హాఫిజ్.