చెరువు తెరిచామంటున్నారు, దిగి చూద్దాం

(వికలాంగ యువతకూ సంఘం కార్యకర్తలకూ జరిగిన శిక్షణ తరగతిలో ఉపాధ్యాయుల తరఫున చేసిన ప్రసంగం)



మహద్ చెరువు కథ మన వాడల్లో తెలియనివాళ్లు లేరు. అందులో ఒక సంగతి మాత్రం మనం తక్కువగా చెప్పుకుంటాం. ప్రజల సొమ్ముతో నడిచే చెరువులూ బావులూ అంటరానివాళ్లకు తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ 1924లో మా చెరువు తెరిచామని తీర్మానం రాసుకుంది. కాగితం మీద చెరువు అందరిదీ. దిగితే తన్నులు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ జనంతో నడిచి వెళ్లి నీళ్లు తాగారు. అప్పుడుగానీ ఆ కాగితం అసలు రంగు బయటపడలేదు. పరీక్ష అంటే అదే.

ఇవాళ మన చెరువు వెబ్‌సైట్. స్కాలర్‌షిప్పు, కుల ధ్రువపత్రం, హాల్ టికెట్టు, ఉద్యోగ దరఖాస్తు అన్నీ అందులోనే. ఇరవైనాలుగు గంటలూ అందరికీ తెరిచే ఉందంటున్నారు. మరి మన గూడెంలో చూపులేని పిల్ల ఉంది. చేతులు వణికే తాత ఉన్నాడు. వాళ్లకు తెరిచి ఉందా? ఆ పిల్ల నెట్ సెంటర్‌కు పోయి తన పాస్‌వర్డు, బ్యాంకు ఖాతా నంబరు, ఫోనుకొచ్చిన ఓటీపీ పరాయివాళ్ల చేతిలో పెట్టాలి. వాళ్లేం నింపారో ఆమెకు తెలీదు. కులం ఒక గోడ కడితే, ఈ తెర ఇంకో గోడ కట్టింది. ఆమె కళ్ల లోపం అంటారు. కాదు, కట్టినవాళ్ల లోపం.

చట్టం మన పక్షాన ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ సమాచార సాంకేతికత అందరికీ అందాలంటుంది. 2017లో వచ్చిన నిబంధనలు దాన్ని వట్టి సలహాగా మార్చాయని, తప్పనిసరి ప్రమాణాలు పెట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న చెప్పింది. బ్యాంకు కేవైసీలో కన్ను ఆర్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులూ, చూపులేని ఒకరూ కోర్టుకెళ్తే, డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది. ఇవన్నీ 1924 నాటి తీర్మానం లాంటివే. మంచివే. కానీ ఎవరో ఒకరు దిగి చూడాలి.

ఎట్లా దిగాలో చెప్తాం. పెద్ద చదువులు అక్కర్లేదు.

ఒకటి. మౌసు పక్కన పెట్టండి. ట్యాబ్ కీ నొక్కుతూ పేజీ అంతా తిరగండి. ఎక్కడున్నారో తెరమీద గుర్తు కనపడాలి. ప్రతి బటన్ దగ్గరికీ చేరగలగాలి. ఒక గడిలోకి పోయి బయటికి రాలేకపోతే అది తప్పు.

రెండు. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగుల్లో టాక్‌బ్యాక్ ఉంటుంది. కంప్యూటర్‌కైతే ఎన్‌వీడీఏ ఉచితం. 2006లో చూపులేని ఒక ఆస్ట్రేలియా యువకుడు మొదలుపెట్టినది. దాన్ని ఆన్ చేసి, తెర మీద తువ్వాలు కప్పి, చెవులతో దరఖాస్తు నింపండి. గడి దగ్గర "తండ్రి పేరు" అని పలకాలి. వట్టినే "ఎడిట్ బాక్స్" అంటే ఏం రాయాలి?

మూడు. తెలుగు పలుకుతుందా చూడండి. జీవోను ఫోటో తీసి పెడితే చదివే సాఫ్ట్‌వేర్‌కు అక్కడ ఒక్క అక్షరం ఉండదు. పాత డీటీపీ ఫాంట్లలో ఉంటే కంటికి తెలుగే, చెవికి పిచ్చి కూతలు. యూనికోడ్ తెలుగు కావాలని అడగాలి.

నాలుగు. కంట్రోల్, ప్లస్ నొక్కి అక్షరాలను రెండింతలు చేయండి. ఏదీ తెగిపోకూడదు, మాయం కాకూడదు. తప్పు నింపితే ఎర్రరంగు ఒక్కటే చూపిస్తే చాలదు, తప్పేమిటో మాటల్లో చెప్పాలి.

అయిదు. వంకర అక్షరాల క్యాప్చా వస్తే, చూపులేనివాళ్లకు వేరే దారి ఉందా? ఓటీపీ గడువు నిదానంగా కొట్టేవాళ్లకు సరిపోతోందా? వీడియో ఉంటే వినపడనివాళ్లకు కింద మాటలు పడుతున్నాయా?

ఈ నియమాలు మేం కల్పించినవి కావు. ప్రపంచ వెబ్ సంస్థ డబ్ల్యూ3సీ 1999 నుంచి రాస్తూ వస్తున్నవి. వాటి సారం నాలుగు మాటలు: పేజీలో ఉన్నది తెలియాలి, నడపగలగాలి, అర్థం కావాలి, ఏ పరికరంతోనైనా పనిచేయాలి.

యంత్రాలతో పరీక్ష చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు. బొమ్మకు పేరుందో లేదో యంత్రం చెప్తుంది. ఆ పేరు నిజమో కాదో చెప్పలేదు. అది వాడేవాళ్లే చెప్పాలి. అందుకే ఈ తరగతిలో ముందు వరసలో మా చూపులేని తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నారు. వాళ్లు సాయం పొందేవాళ్లు కారు, పరీక్ష పెట్టేవాళ్లు. నగరాల్లో కంపెనీలు ఈ పనికి జీతాలిస్తున్నాయి. ఆ ఉద్యోగాల్లో మన పిల్లల వాటా కూడా అడుగుదాం.

చూసింది రాయకపోతే చూడనట్టే. పేజీ అడ్రసు, తేదీ, ఏ ఫోనులో చూశారో, ఏం చేయబోయారో, ఏమైందో అయిదు వరుసల్లో రాయండి. ఆ శాఖకు ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పెట్టండి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల దాకా, ఆ తర్వాత యాభైవేల నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉందని 89వ సెక్షన్ చెప్తోంది. ఆ మాట కాగితంలో రాయడం మరవొద్దు.

మాదిగ దండోరా కదలికలోంచే వికలాంగుల హక్కుల పోరాట సమితి వచ్చింది, పింఛను కోసం రోడ్డెక్కింది. ఆ పోరాటానికి ఇది తరువాయి. పింఛను పెంచమన్నాం. ఇప్పుడు ఆ దరఖాస్తు మా చేత్తో మేమే నింపుకుంటాం అంటున్నాం. వచ్చే పదిహేను రోజుల్లో ఒక్కో సంఘం ఒక్కో ప్రభుత్వ వెబ్‌సైట్ పట్టుకోండి. అయిదు పరీక్షలూ చేసి, ఆ కాగితాలతో ఇక్కడికి రండి. కలిసి కలెక్టరేటుకు పోదాం.

జై భీమ్.