వేంగి రాజ్యం: జరిగిన ఎల్లలు, మారిన రాజధానులు

వేంగి రాజ్యానికి ఆయువుపట్టు కృష్ణా గోదావరుల నడిమి నేల. ఏలిన వంశాలు మారినా, పొలిమేరలు ముందుకూ వెనక్కూ జరిగినా, ఈ నేల ఎవరి చేతిలో ఉంటే వారే వేంగీశులు. వేంగి నగరం ఏలూరుకు ఉత్తరాన ఉన్న నేటి పెదవేగి. చాళుక్యులకు చాలా ముందే శాలంకాయనులు అక్కడినుంచి రాజ్యం చేశారు. చిత్రరథస్వామి వారి ఇలవేల్పు.

ఏడో శతాబ్ది తొలినాళ్లలో బాదామి చాళుక్యరాజు రెండో పులకేశి పిష్ఠపురం కోటను పట్టుకొని, కొల్లేటి దగ్గర పోరు గెలిచాడు. 634 నాటి ఐహోళె శాసనం ఈ విజయాలను కీర్తించింది. గెలిచిన సీమకు పులకేశి తన తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుణ్ణి పాలకుడిగా నిలిపాడు. అన్న ప్రతినిధిగా వచ్చినవాడే తూర్పు చాళుక్య వంశానికి మూలపురుషుడయ్యాడు. మొదట పిష్ఠపురం, అంటే నేటి పిఠాపురం, పాలనకు కేంద్రం; తరువాత అది వేంగికి మారింది.

ఉత్తరాన కళింగ గాంగులతో, దక్షిణాన పల్లవుల ఏలుబడిలోని సీమలతో ఎల్లలు స్థిరంగా నిలిచింది తక్కువ. దక్షిణపు ఎల్ల కథను అద్దంకి శాసనం కళ్లకు కడుతుంది. తూర్పు చాళుక్యరాజు గుణగ విజయాదిత్యుడు 848లో గద్దెనెక్కాడు. అతని సేనాని పండరంగడు పన్నెండు బోయకొట్టాలను జయించి, కందుకూరును బెజవాడకు దీటుగా తీర్చిదిద్దాడు. ఆ విజయం తరువోజ పద్యంగా శిలకెక్కింది. పొలిమేర పోరు వార్త తెలుగు ఛందస్సుకు తొలినాటి సాక్ష్యం కావడం ఈ చరిత్రలో అపురూపమైన ఘట్టం.

గుణగుడి తరువాత పడమటినుంచి రాష్ట్రకూటుల ఒత్తిడి పెరిగింది. దాయాదుల పోరులో వారు ఒక పక్షానికి కొమ్ముకాయడంతో గద్దె పదేపదే చేతులు మారింది. పదో శతాబ్దిలో చాళుక్యరాజు యుద్ధమల్లుడు బెజవాడలో గుడి కట్టించి వేయించిన పద్యశాసనం ఆ కల్లోల కాలానిదే. రాజమహేంద్రవరం వెలుగులోకి వచ్చింది కూడా ఈ శతాబ్దిలోనే. మొదటి అమ్మరాజుకూ, రెండో అమ్మరాజుకూ రాజమహేంద్ర బిరుదు ఉండటంవల్ల, నగరం ఎవరి పేరున వెలసిందన్నది చరిత్రకారుల మధ్య వాదంగానే ఉంది. పడమటి దండ్లకు వేంగి మైదానం తేలిగ్గా చిక్కుతుంది; గోదావరి ఆవలి గట్టున ఉన్న రాజమహేంద్రవరానికి నదే అగడ్త. రాజధాని వేంగినుంచి రాజమహేంద్రవరానికి మారడానికి ఇంతకంటే బలమైన కారణం వెదకనక్కరలేదు.

973లో చాళుక్యరాజు దానార్ణవుణ్ణి చంపి జటాచోడ భీముడు రాజ్యం చేజిక్కించుకున్నాడు. చాళుక్యులు సుమారు 27 ఏళ్లు గద్దెకు దూరమై, రాజరాజ చోళుని అండతో తిరిగివచ్చారు. ఆ అండ వియ్యంగా మారింది. చాళుక్య విమలాదిత్యుడు రాజరాజ చోళుని కూతురు కుందవను, విమలాదిత్యుని కొడుకు రాజరాజనరేంద్రుడు రాజేంద్ర చోళుని కూతురు అమ్మంగదేవిని పెళ్లాడారు. నన్నయ భారతానికి పూనుకున్నది రాజమహేంద్రవరంలో, ఈ నరేంద్రుని కొలువులోనే.

నరేంద్రుని కొడుకు 1070లో కులోత్తుంగునిగా చోళ సింహాసనమెక్కి గంగైకొండ చోళపురం నుంచి ఏలాడు. వేంగి అతని కొడుకులు ప్రతినిధులుగా పాలించే మండలమైంది. ఆ తరువాత తీరాంధ్రలో బలం చందవోలు కేంద్రంగా ఏలిన వెలనాటి చోడుల చేతికి వచ్చింది.