నిజాం రైల్వే: విలీనం తరువాత మిగిలినదేమిటి?

 

ఈ రోజు మనం ఒక రైల్వేను గురించి మాట్లాడుకుందాం. దాని దారుల మీద మనమందరం ప్రయాణించినవాళ్లమే. అయితే దాని పేరు నేడు ఏ టికెట్టు మీదా కనిపించదు. అది నిజాం రాజ్యపు రైల్వే.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు తొలి రైలు మార్గం ప్రారంభమైంది. బొంబాయి నుంచి వచ్చే జీఐపీ రైల్వేతో హైదరాబాద్ రాజ్యాన్ని కలిపిన దారి అది. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఇంకా బాలుడు. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉండి పాలన నడిపేవారు. దారి రాజ్యానిదే అయినా దాని మీద తొలినాళ్లలో బండ్లు నడిపినది జీఐపీ రైల్వే.

1883 ఒప్పందంతో ఇది లండన్‌లో ఏర్పడిన ఒక కంపెనీ చేతికి వెళ్లింది. ఆ కంపెనీ పేరులోనే ‘గ్యారంటీడ్’ అనే మాట ఉంది. పెట్టుబడి పెట్టినవారికి 5 శాతం వడ్డీ తప్పక అందుతుందని నిజాం ప్రభుత్వం పూచీ పడింది. రైలుకు రాబడి తగ్గినా ఖజానా ఆ లోటు పూడ్చాలి. ఖజానా నింపేది ఎవరు? శిస్తు కట్టే రైతులు. వారిలో హిందువులున్నారు, ముస్లింలున్నారు.

ఆనాడే దీనిని ప్రశ్నించినవారున్నారు. చాందా రైల్వే పథకంగా పేరుపడిన ఈ వ్యవహారపు వివరాలు ప్రజల ముందు పెట్టాలని కోరినవారిలో అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. ఆయన సరోజినీ నాయుడు తండ్రి, బెంగాల్ నుంచి వచ్చిన విద్యావేత్త. ఆయనతో గొంతు కలిపినవారు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. అందుకు ఫలితంగా 1883లో అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి బహిష్కరించారు. ప్రజల సొమ్ముకు లెక్క చెప్పమని ఒక హిందువు, ఒక ముస్లిం పక్కపక్కన నిలబడి అడిగిన ఘట్టం ఇది. హైదరాబాద్ చరిత్రను రెండు మతాల కొట్లాటగా మాత్రమే చెప్పేవారు దీనిని తలచుకోరు. మనమైనా తలచుకోవాలి.

తరువాత దారి తూర్పుకు సాగింది. వరంగల్లు, డోర్నకల్లు దాటి 1889లో బెజవాడ చేరింది. డోర్నకల్లు నుంచి సింగరేణి గనులకు వేసిన శాఖతో బొగ్గు రైలెక్కింది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వరకు గోదావరి లోయ మీదుగా మీటర్‌గేజ్ దారి పడింది. లాలాగూడ వర్క్‌షాపు వెలిసింది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనివేసింది. 1932లో ఆ రైల్వే శాఖే 27 బస్సులతో రోడ్డు రవాణా కూడా మొదలుపెట్టింది. నేటి మన ఆర్టీసీ బస్సుకు మూలం అక్కడే ఉంది.

1950 ఏప్రిల్ 1న ఈ రైల్వే కేంద్ర ప్రభుత్వానికి చేరింది. 1951 నవంబరు 5న జీఐపీ, సింధియా, ధోల్‌పూర్ రైల్వేలతో కలిసి సెంట్రల్ రైల్వే అయింది. దానికి ప్రధాన కార్యాలయం బొంబాయి. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిన తరువాత ప్రధాన కార్యాలయం మళ్లీ సికింద్రాబాద్‌కు వచ్చింది.

ఈ విలీనాన్ని మనం తప్పుపట్టడం లేదు. దేశం ఒకటైనప్పుడు దారులు కూడా ఒకటి కావలసిందే. వాడి దగ్గర ఒక యాజమాన్యం, బెజవాడ దగ్గర మరొక యాజమాన్యం ఉంటే నష్టపోయేది ప్రయాణికుడే. కానీ కలిసిపోవడం వేరు, కనబడకుండా పోవడం వేరు. నది సముద్రంలో కలిసినా అది ఎక్కడ పుట్టిందో మనం మరచిపోము కదా!

నిజాం రైల్వేను ‘ముస్లింల రైల్వే’ అని చెప్పుకోవడం కూడా సరికాదు. పాలకుడి మతం పట్టాలకు అంటదు. ఎండలో కంకర పరచిన కూలీ, ఇంజన్‌లో బొగ్గు వేసిన ఫైర్‌మన్, రాత్రంతా లాంతరుతో నిలిచిన పాయింట్స్‌మన్, శిస్తు కట్టిన రైతు, వీరందరిదీ ఆ రైల్వే. ఆ అందరిలో మన పూర్వులు కూడా ఉన్నారు. మన వాదం ఇంతవరకే. ఇంతకు ఎక్కువ కోరితే అది అతిశయం. ఇంతకు తక్కువతో సరిపెట్టుకుంటే మన హక్కును మనమే వదులుకున్నట్లు.

ఈ దేశాన్ని కట్టడంలో మీ పాలెంత అని మన పిల్లలను ఎవరైనా అడిగితే కోపం జవాబు కాదు. ఆధారమే జవాబు. ఆ ఆధారం మన ఇళ్లలోనే, పాత ట్రంకుపెట్టెల అడుగున ఉంది. తాతల సర్వీసు కాగితాలు, పాత పాసులు, పింఛను పుస్తకాలు, యూనిఫారంలో దిగిన ఫోటోలు, ఉర్దూలో రాసిన ఉత్తరాలు అక్కడ ఉన్నాయి. ఉర్దూ చదవలేని మనవళ్లకు అవి చిత్తుకాగితాలుగా కనబడుతున్నాయి. ఇల్లు మారినప్పుడల్లా కొన్ని పాత సామాన్లవాడి తక్కెడకెక్కుతున్నాయి.

అందుచేత మన విన్నపం ఒక్కటే. ఇంటికి వెళ్లి ఆ పెట్టె తెరవండి. పెద్దలు బతికుండగానే ఏ కాగితం ఎవరిదో, ఏ స్టేషన్‌లో ఏ పని చేశారో అడిగి రాసుకోండి. ఉర్దూ వచ్చినవారు పక్కింటివారికి కూడా చదివి పెట్టండి. ఆ పక్కింటివారు ఏ మతం వారైనా సరే, వారి తాత కూడా అదే బండి నడిపి ఉండవచ్చు.

రైల్వేకు పేరు మారింది, రంగు మారింది, యజమాని మారాడు. దారి మాత్రం ఆనాటి వారు వేసినదే. ఆ మాట చెప్పగలిగే కాగితాలను కాపాడుకుందాం.

సెలవు.