ఎదుగు వయసు - ఆటబరువు

సేద్యగాడు లేతదూడ మెడపై కాడి వేయడు. దూడ యెదుగువరకు వేచియుండుట వానికి నష్టము గాదు, లాభమే. ఫుట్‌బాలు నేర్పెడు శిక్షణాలయములలో నేడు మనకు కావలసిన వివేక మిదియే.

ఇంగ్లండు దేశమున ప్రీమియర్ లీగువారు 2012లో బాలక్రీడాకారుల శిక్షణకై నూతన ప్రణాళికను నెలకొల్పిరి. దానివలన శిక్షణ గంటలు హెచ్చినవి. గంటలు హెచ్చిన కొలది వాని బరువును లెక్కించు బాధ్యతయు హెచ్చినది.

ఈ బరువును కొలుచుట యెట్లు? అమెరికా శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫాస్టరు ప్రచారమునకు తెచ్చిన పద్ధతి మిక్కిలి సులభమైనది. సాధన ముగిసిన అరగంటకు బాలుని, "ఎంత కష్టమనిపించినది?" అని యడిగి, సున్న మొదలు పదివరకు గల అంకెలలో నొకదానిని చెప్పింపవలెను. ఆ యంకెను సాధన నిమిషములతో హెచ్చించినచో నాటి బరువు తేలును.

పదుమూడేండ్ల బాలు నొకనిని ఊహింపుడు. మంగళవారము 60 నిమిషములు, కష్టము 5, బరువు 300. బుధవారము 75 నిమిషములు, కష్టము 6; బరువు 450. గురువారము 60 నిమిషములు, కష్టము 4, బరువు 240. శనివారపు పందెము 70 నిమిషములు, కష్టము 8, బరువు 560. వారమునకు మొత్తము 1550. ఈ మొత్తమును తోడి బాలుర మొత్తముతో గాక, ఆ బాలుని గతవారములతోనే పోల్చవలెను. ఒక్కసారిగా పెరిగినచో జాగ్రత్తపడవలెను.

అయితే ఆ బాలుడే పాఠశాల జట్టున 60 నిమిషముల పందెములు రెండాడి, ఒక్కొక్కదానికి కష్టము 7 అని చెప్పినచో మరి 840 చేరును. శిక్షకుని పుస్తకమున 1550. బాలుని మోకాళ్లపై 2390! కావున పాఠశాల యుపాధ్యాయుడు, శిక్షకుడు, తలిదండ్రులు ఒకే లెక్క వ్రాయవలెను.

బాలికలు సుమారు 12వ యేట, బాలురు సుమారు 14వ యేట అతివేగముగా పొడవెదుగుదురు. అప్పుడు మోకాటి చిప్ప క్రింద, మడమ వెనుక, స్నాయువు లంటియుండు ఎముక భాగములు ఇంకను లేతగా నుండును. మాటిమాటికి పరుగెత్తుట, తన్నుట, దుముకుట వలన స్నాయువులు వానిని లాగుటచే నొప్పి పుట్టును. ఈడు ఒక్కటైనను ఎదుగుదల యొక్కటి గాదు. మూడు నెలల కొకసారి యెత్తు కొలిచి, వేగముగా నెదుగుచున్న వారికి దుముకులను, తీవ్రమైన పరుగులను తగ్గింపవలెను.

వారమునకు ఆటగంటలు వయసు సంఖ్యను మించరాదనియు, ఒకటి రెండు దినములైనను పూర్తి విశ్రాంతి యుండవలెననియు వైద్యులు చెప్పుదురు.

తుదకొక్క మాట. ఈ లెక్క యంతయు బాలుడు చెప్పెడు నిజముపై నిలిచియున్నది. నొప్పి యని చెప్పినవానిని జట్టునుండి తొలగించినచో, మరునాటినుండి యెవ్వడును నొప్పి యనడు. పుస్తకమున అంకెలు చక్కగానే యుండును. పిల్లలు మాత్రము కుంటుచుందురు. నిజము చెప్పిన బాలుని స్థానమును పదిలముగా నుంచుటయే శిక్షకుని మొదటి ధర్మము.