ఒంటరి గది, ఊరి అరుగు, సభావేదిక

(అరకులోయలో యువజనులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



పాట కట్టేవారు, కథ వ్రాసేవారు, డోలు వాయించేవారు మీలో చాలామంది ఉన్నారు. అటువంటివారిని మూడు పిలుపులు లాగుతూ ఉంటాయి. పని సాగాలంటే ఒంటరిగా కూర్చోవాలి. పాటకు ప్రాణం రావాలంటే పదిమందిలో తిరగాలి. పేరు వచ్చిన తరువాత సభలు, సన్మానాలు, వాదములు తలుపు తడతాయి. దేనికి ఎంత కాలము ఇవ్వాలి? ఈ ప్రశ్నకు జవాబు మన తూర్పు కనుమలలోనే, పర్లాకిమిడిలో బ్రతికిన ఒక బడిపంతులుగారి జీవితంలో ఉన్నది.

గిడుగు వెంకట రామమూర్తిగారు 1863లో జన్మించారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులయ్యారు. కొండ దిగివచ్చే సవరల మాట వారి చెవిన పడింది. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట పెట్టుకొని ఆ భాష నేర్చుకొన్నారు, కొండపల్లెలకు నడిచారు, సవరపిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. వారు ముందు ఊరిలోనికి వెళ్లి, ఆ తరువాతనే గదిలో కూర్చున్నారు. ఈ వరుస మనము గమనించాలి.

మాటలు ఏరుకోవడం పదిమంది మధ్య జరిగే పని. వాటిని విడదీసి, పోల్చి, వ్యాకరణముగా కూర్చడం మాత్రం ఏకాంతములోనే సాధ్యము. సవర భాషా వ్యాకరణము 1931లో అచ్చయ్యేనాటికి వారికి 67 ఏండ్లు నిండినవి. కొండలలో తిరిగినందుకు మలేరియా పట్టింది. దానికి వాడిన క్వినైను వలన వినికిడి పోయింది. భాష వినడమే పనిగా పెట్టుకొన్న మనిషికి ఇది ఎంత దెబ్బో ఆలోచించండి! అయినా పని ఆగలేదు. కుమారులు సీతాపతిగారు ఆ కృషికి తోడు నిలిచారు. ఒంటరిగా చేసే పనికి కూడా చుట్టూ మనుషులు ఉండాలి.

ఇక సభ మాట. పాఠ్యపుస్తకాలలో వాడుక తెలుగు ఉండాలని వారు పండితులతో ఏండ్ల తరబడి వాదించారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టారు. ఆ వాదములు సవర పనికి దక్కవలసిన కాలమును కొంత తినే ఉంటాయి. కాని నా దృష్టిలో ఆ రెండూ ఒకే పని: బిడ్డకు ఇంటిమాటలోనే చదువు రావాలన్నదే రెండింటి సారము. సవర పుస్తకాలకు ప్రభుత్వము బహుమతి ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టాలని కోరారు. వేదిక మీద దొరికినది తిరిగి ఊరికే చేరాలని వారి లెక్క.

ఇప్పుడు మన సంగతి. థింసాలో స్త్రీలు ఒకరి వెనుకగా ఒకరు చేతులు పెనవేసుకొని అడుగు కలుపుతారు. ఒకరి అడుగు తప్పితే వరుస అంతా తెలుసుకుంటుంది. నేడు యాత్రికుల కోసం వేదికల మీద కూడా ఆడుతున్నారు. నాలుగు రూపాయలు రావడం తప్పు కాదు. కాని పండుగనాడు ఊరిలో ఆడనివారు, వేదిక మీద మాత్రమే నేర్చినవారు, రేపు తమ పిల్లలకు ఏమి అందిస్తారు? కువి, పోర్జా, ఆదివాసీ ఒడియా మాటలలో అవ్వలు పాడే పాటలు ఎవరి నోటుపుస్తకంలో ఉన్నాయి? అవ్వ వెళ్లిపోయిన తరువాత అడగడానికి మనిషి ఉండదు.

కనుక నా మనవి ఇది. వారానికి ఒక పూట అవ్వ దగ్గర కూర్చుని వినండి. మరొక పూట తలుపు వేసుకొని, విన్నది వ్రాయండి. వ్రాసినది ముందు ఊరిలో చదివి వినిపించండి. వారు తప్పు చెబితే దిద్దుకోండి. సభకు పిలిస్తే, ఊరి తరఫున చెప్పవలసిన మాట ఉన్నప్పుడు తప్పక వెళ్లండి. కేవలం శాలువ కోసమే అయితే ఆ సాయంత్రము మీ పనికి ఇవ్వండి.